పద్నాలుగు కన్నాలు

ఔలు ఊరి సముద్రం గడ్డకట్టి
కార్లు నడిచే రోడ్డయింది.
మధ్యాహ్నం రెండింటికే ఒడ్డున దీపాలు.
ఉద్యోగాలు పోయిన మూడో వారం
ఇల్పో, నేనూ చేపలకని వచ్చాం.

ఇల్పో మంచులో ఒక కన్నం దొలిచాడు.
బకెట్ బోర్లించి కూర్చున్నాడు.
ఆఫీసులోనూ ఇరవై రెండేళ్ళు ఇంతే.
యాంటెన్నాకీ చిప్‌కీ నడుమ
ఎక్కడో పుట్టే ఒక సన్నని రొద,
దాని వెంటే ఉన్నాడు.
దానికి పేరు కూడా పెట్టాడు, "అత్తగారు" అని.
"ఇవాళ అత్తగారు మూడు డెసిబెల్స్ తగ్గింది" అంటే
ఆ రోజు అందరి దాల్చినచెక్క బన్నులూ అతని ఖర్చే.

నేనా?
టెస్టింగ్‌లో చేరాను. డేటాబేసులు చూశాను.
స్క్రీన్లకి రంగులద్దాను.
పడిపోయిన సర్వర్లని అర్ధరాత్రి లేపి నిలబెట్టాను.
ఎవరూ లేరంటే ఒక ఏడాది
జీతాల సాఫ్ట్‌వేర్ కూడా.
ఏ ఎండకా గొడుగు పట్టాను,
ఎండ మొహం చూడని ఈ ఊళ్ళో.
కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేసేటప్పుడు
"ఈమె ఐలా, ఈమె..." అని
మేనేజరు ఒక్క క్షణం ఆగేవాడు.
ఆ ఆగడమే నా హోదా.

ఉద్యోగాల కార్యాలయంలో ఇద్దరికీ ఒకే ఫారం.
"మీకు వచ్చిన పని" అన్న గడిలో
ఇల్పో ఒకే మాట రాశాడు.
అక్కడి కుర్రాడికి ఆ మాట
కంప్యూటర్ జాబితాలో దొరకలేదు.
నేను ఇంకో కాగితం అడిగాను.
"వీటిలో ఒకటి ఎంచుకోండి" అన్నాడు.
అరగంటైనా నా వల్ల కాలేదు.

ఇప్పటికి నావి పద్నాలుగు కన్నాలు.
ఒక్కోదాని దగ్గర పది నిమిషాలు,
లేదంటే బర్మా భుజానేసుకుని ఇంకో చోటు.
"నువ్వు వెతికేది నీళ్ళని, ఐలా,
చేపని కాదు."
"నువ్వసలు వెతకడమే లేదు."
నవ్వాం.
నవ్విన ఆవిరి కనుబొమ్మల మీదే గడ్డకట్టింది.

అప్పుడు అతని జేబులో ఫోన్.
స్వీడన్ నించి ఎవరో, ఓడల రాడార్లట.
వాళ్ళింటికీ అత్తగారు దిగింది.
ఇల్పో గ్లవ్ పీకేసి
గాలిలో వేలితో ఒక అల గీస్తూ,
కాదు కాదంటూ దాన్ని చెరిపి మళ్ళీ గీస్తూ,
ఒడ్డు వైపు నడిచిపోయాడు.
గేలం సంగతే మరిచాడు.

అతని బకెట్ మీద కూర్చున్నాను.
నీళ్ళ మీద పల్చటి పొర కడుతుంటే
గరిటతో తీస్తూ,
మళ్ళీ కడుతుంటే మళ్ళీ తీస్తూ.
నా పద్నాలుగూ అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.
ఎంతసేపైందో చూసుకోలేదు.
ఇదేనా ఇతనికి
ఇరవై రెండేళ్ళూ కనిపించింది?

అవతల ఎవరో ముసలావిడ బర్మా
మంచులో ఇరుక్కుని మొరాయించింది.
"మీకు ఇది బాగుచెయ్యడం వచ్చా?" అని కేకేసింది.
రాదు.
అప్పటికే సగం లేచాను.
ఇల్పో గేలం
కొంచెం వంగింది.
చేపో, గాలో.