ఎర్ర చుక్క

గుడిపాల దాటినాక
తమిళ అక్షరాల బోర్డు ఇంకా రాకముందే
ఎడం చేతి పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెల. గేటు నుంచి హైవే దాకా
తోతాపురి లారీలు.
లారీ ఆగుతుంది గానీ
కాయ మాగడం ఆగదు.

మా పని కాయతో కాదు.
బాయిలరు వెనక రేకుల షెడ్డులో
పొగ లాగే ఫ్యానుతో.

చెంగల్రాయులన్న చెప్పేవాడు:
"దాన్ని వేడెక్కనీరా ముందు.
కళ్ళు తెరవని మనిషిని
ఒళ్ళెట్లుందని అడిగితే ఏం చెప్తాడు?"
అందుకే అరగంట కూర్చున్నాం, నేనూ వనజాక్షీ,
తిరగేసిన క్రేట్ల మీద.
పోయిన నెల డ్యాంపరు ఎంత తెరిచుందో
ఇవాళా అంతే తెరిపించి.

తర్వాత గుడ్డ, కిరసనాయిలు.
బేరింగు మీద మూడు సీజన్ల మసి,
దాని కింద పెచ్చులు లేచిన ఆకుపచ్చ పెయింటు.
పెయింటు మీద అయస్కాంతం పెడితే
పెయింటు సంగతే చెబుతుంది.
గీకాలి,
గోటికి ఇనుము చల్లగా కాదు, సురుక్కుమని తగిలేదాకా.

"అన్నా, ఇంత తతంగం ఎందుకు?
మొన ఉండే ప్రోబుంది కదా,
చేత్తో అదిమి పట్టుకుంటే చాలదా?"
ఐటీఐ నుంచి వచ్చి మూడు వారాలైన పిల్ల.
న్యాయమైన ప్రశ్నే.

నాలుగేళ్ళ కింద నేనూ చేత్తోనే పట్టుకున్నా.
ఎండ. ఆకలి. ఇంకా పదకొండు మిషన్లు.
మొన ఆనించి, వచ్చిన అంకె చూసి
రెండు పాయింటు ఒకటి, బాగుంది, అని రాసేసినా.
బాగున్నది నా చెయ్యి.
మెత్తని చెయ్యి,
బేరింగు లోపల గుండు ఒకటి
సన్నగా, చాలా సన్నగా గీసుకుంటున్న చప్పుడును
మొత్తం తానే మింగేసింది.

తొమ్మిదో రోజు రాత్రి పట్టేసింది ఫ్యాను.
ఆవిరి లేదు. రెండు రోజులు.
లారీల కింద తారు మీద పసుప్పచ్చ చారలు,
ఈగలు.
బంగారుపాళ్యం గుర్రప్ప
తలగుడ్డతో మెడ తుడుచుకుంటా వచ్చి
కోపం లేకుండానే అడిగినాడు:
"ఏమప్పా, ఆ ఫ్యానుకేమొచ్చిందంట?"
"పాతదైపోయింది లేబ్బా" అన్నా.
అదీ నేను చేత్తో పట్టుకున్న రీడింగే.

చెంగల్రాయులన్న తిట్టలేదు.
రిజిస్టరు తెరిచి, ఆ అంకె మీద వేలుపెట్టి
"యాడ పెట్టి తీసినావు దీన్ని?" అన్నాడు.
చెప్పలేకపోయినా.
పైనా? పక్కనా? మూత మీదనా?
అంకె మిగిలింది, చోటు పోయింది.
ఆ సాయంత్రమే ఆయన
లారీలకు నంబర్లు రాసే వాడి దగ్గర
అరచెంబు ఎర్ర పెయింటు తెచ్చినాడు.

అందుకే, వనజాక్షీ, ఈ పంచి దెబ్బ,
దాని చుట్టూ ఈ చుక్క.
కూలోళ్ళు మిషనుకు బొట్టు పెట్టినారని నవ్వుతారు, నవ్వనీ.
సెన్సరును టప్పుమని వదలొద్దు,
అంచు ఆనించి మెల్లగా ఒరిగించు.
వైరు ఊగకుండా టేపు వెయ్యి.
మొదట వచ్చే అంకెలు రాయొద్దు,
కొత్త చోట కుదురుకునేదాకా అది ఏదేదో అంటుంది.
అడ్డంగా ఒకసారి. నిలువుగా. షాఫ్టు వెంబడి.
తీసేసి మళ్ళీ పెట్టు.
అదే మాట రెండోసారీ చెబితేనే
మాట.

ఆరు పాయింటు మూడు.
తీసి పెట్టింది. ఆరు పాయింటు మూడు.
పోయిన నెల నాలుగున్నర.

మేనేజరు వచ్చి చూసినాడు, గేటు వైపు చూసినాడు.
"సీజను పోనీ, సార్. ఈ నెలకి నాలుగున్నరే వేసుకోండి."
వనజాక్షి నా మొహం చూసింది.

నేనేం మాట్లాడలేదు.
పెన్ను ఆ పిల్ల చేతిలోనే ఉంది.
తేదీ రాసింది. టైము రాసింది. లోడు, వేగం.
ఎర్ర చుక్క, అడ్డం, అని రాసింది.
చూసిన అంకె వేసింది.
బయట లారీ ఒకటి హారను కొట్టింది, పొడుగ్గా.

రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని
నేను కాస్త దూరంగా నిలబడినా.