అలల వైపు కిందికి

ఎర్రగుంట్లలో మా పాలిష్ మిషన్ పక్కన
నాలుగేండ్లు ఒక డాల్డా డబ్బా ఉండె.
శనివారం కూలి రాంగానే తలా నూటయాభై.
తిరుపాలు పెండ్లాం కాన్పుకు ఒకసారి ఖాళీ అయ్యె,
హుసేన్ పీరా బండి ఇంజను పోయినపుడు ఇంకోసారి.
మూడోసారి నిండినపుడు
మద్దిలేటి దాన్ని సంకన బెట్టుకొని
మద్రాసుకు పొయి ఓడ టికెట్లు తెచ్చినాడు.
"ఇంగ ఎవురికీ కష్టం రాగూడదు" అన్నాడు.

ఓడ అడుగున బంకుల్లో మూడు రాత్రులు.
సద్దరొట్టెలు మొదటిరోజే మెత్తబడె,
బుడ్డల కారం మాత్రం కడదాకా తోడొచ్చింది.
పీరా కక్కుకున్నాడు, మద్దిలేటి కక్కుకున్నాడు,
తిరుపాలు "నాకేంగాలే" అని చెప్తా చెప్తా కక్కుకున్నాడు.
మా భాష రాని ముసలాయన ఒకడు
నిమ్మకాయ కోసి మా నలుగురి ముక్కుల కాడా పట్టినాడు.

దీవిది నోరు తిరగని పేరు.
"ఆ పక్కది" అనుకున్నాం, ఇప్పటికీ అట్లే అంటాం.
దోనె వాడు పొద్దు గూకే దిక్కుకు వేలు చూపి పొయినాడు.
అంగడి లేదు. బెంచీ లేదు. చెప్పుల జాడ లేదు.
ఇసుక మా షెడ్డులో పొడి మాదిరే మెత్తగా, తెల్లగా,
కాకపోతే దగ్గు రాలేదు.

నీళ్ళను చూసి మేం మాట్లాడలే.
ట్యాంకరు కాడ బిందెల వరసలో పెరిగినోళ్ళం.
పీరా ఒక్కడే, క్వారీ గుంతలో ఈత నేర్చినోడు,
లుంగీ ఎగ్గట్టి దిగి ఒక పుక్కిలి పట్టి
మోసపోయినోని మాదిరి మా వైపు తిరిగినాడు.
"ఇంత పెట్టుకొని ఒక్క గుక్క గూడా ఇయ్యదంట్రా!"
రెండు క్యాన్లు నీడలో పూడ్చిపెట్టి
మూతతో కొలిచి తాగినాం.

మధ్యాన్నం సముద్రం వెనక్కి పోయింది,
ఎవరో పిలిచినట్టు.
అది పోయిన చోట తడి ఇసుక మీద
సన్నటి వంకర వరసలు, పక్కపక్కనే, వేలెడు దూరంలో.
తిరుపాలు గొంతుకూచున్నాడు.
లారీ దిగిన లోడును తడిమినట్టు అరచేత్తో తడిమినాడు.
"ఇది మన బండ గదప్పా" అన్నాడు.
ఎవరం నవ్వలే.

గనిలో పొర లేచినపుడు బండ మొగాన ఉండే గీతలు.
మేం "దుక్కి" అంటాం, ఓనరు "డిఫెక్టు" అంటాడు.
అడుగుకు ఇంతని కూలి, గీత పోయేదాకా.
ఎప్పుడో సర్వేకు వచ్చిన పిల్లోడొకడు
ఈడ ఒకప్పుడు సముద్రం ఉండె అంటే
ఎండ తగిలిందనుకొని టీ తాపించి పంపిచ్చినాం.

దోనె వచ్చేసరికి నీళ్ళు మళ్ళీ ఎక్కినాయి.
గీతల మీద మా అడుగులు, అడుగుల మీద నీళ్ళు.
ఫోటోలన్నీ తిరుపాలు ఫోన్లో ఉండె,
ఆ ఫోను తడిసి పాయె.

సోమవారం పనిలోకి వచ్చినాం.
మొదటి బండే గీతలది.
మిషన్ వెయ్యకుండా నిలబడితే
ఓనరు కేకేసినాడు, కరెంటు పోయిందా అని.
"లేదన్నా, చూస్తాండాం" అన్నాడు మద్దిలేటి.
"ఏం చూస్తాండారు?"
దానికి మా నలుగురి కాడా జవాబు లేకపాయె.

బండను తిరగేసినాం.
వెనకవైపు ఎగుడుదిగుడు, రెండింతల పొద్దు పడుతుంది.
అయినా అటుపక్కే నున్నగా దీసి
అలల వైపు కిందికి పెట్టి లారీకి ఎక్కించినాం.
యాడికి పోయిందో తెలీదు.
బెంగుళూరులో ఏ వంటింట్లోనో ఎవురో
దాని మీద చపాతీ పిండి పిసుకుతాండొచ్చు.
అడుగున ఒకసారి చెయ్యి పెట్టి చూసే తీరిక
వాళ్ళకు ఉంటే బాగుండు.

ఆ, లెక్క ఒకటి మిగిలింది.
మనిషికి ఏడువేల తొమ్మిదొందలు.
పీరాకు తిరుపాలు ఇంకా మూడునూర్ల నలభై బాకీ.
అడిగితే "మళ్ళీ పొయ్యేటప్పుడు ఇస్తాలే" అంటాడు.
డబ్బా మూత ఓడలో యాడో పోయింది,
ఇప్పుడు దాని మీద ఒక ముక్క బండ పెడతాండాం.