జనవరి ఒకటి

సాల్మియాలో నాలుగో అంతస్తు, వంటింటి వెనక
బియ్యం మూటకూ బట్టల మిషనుకూ నడుమ నా పడక.
రాత్రి పన్నెండూ నలభై.
ఫోను అడిగింది: పుట్టిన తేదీ?

అమ్మనడిగితే శెనక్కాయలు పెరికే నాళ్లంటుంది,
పాపాఘ్ని రెండుసార్లు పారిన ఏడంటుంది.
బళ్లో అయివారు తనకు తోచింది రాసుకున్నాడు.
రాయచోట్లో ఏజెంటు మాబాషా దాన్ని కొట్టేసి
"ముప్పై నిండందే ఆడోళ్లకు ముద్ర పడదు తల్లీ" అని
కలం కొనతో నాకు ఏడేళ్లు అప్పిచ్చినాడు.
ఆ పొద్దు విమానమెక్కిన పదకొండు మందిమీ
జనవరి ఒకటినే పుట్టినాము.

పాసుపోర్టు మేడమ్ బీరువాలో, అత్తరు సీసాల కింద.
ఫోనుకు దాని ఫొటో కావాలంట.
మూడేండ్లుగా నేనే చూడని దాన్ని
యాడ తెచ్చి చూపేది?

సరే, ముఖం చూపించు అనింది.
గుండ్రంగా గీత గీసి
ఎడమకు తిరుగు, కుడికి తిరుగు, రెప్పలార్పు.
పెండ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదు.
తిరిగినాను. ఆర్పినాను.
"ఈ ముఖం ఇదివరకే ఇంకొక ఖాతాలో ఉంది."

అప్పుడు గుర్తొచ్చింది.
పోయిన శుక్రవారం మచ్‌బూస్‌కు ఉల్లిగడ్డలు తరుగుతాంటే
పదమూడేండ్ల ముసాయిద్ ఉరుక్కుంటా వచ్చి
నా ముందర ఫోను పట్టినాడు.
ఆటేమో అనుకున్నా.
నీళ్లు కారే కండ్లతోనే ఇటు తిరిగినా, అటు తిరిగినా.
పచ్చ గుర్తు పడింది. నలభై ఒకటి అనింది.
వాడు నా చెంప మీద ముద్దు పెట్టి
లోపలికి పోయినాడు.

అమ్మ లెక్కలో ఇరవై ఏడు, సర్కారుకు ముప్పై నాలుగు,
క్లోరాక్సు ఆవిరి తిన్న తోలు చూసి మిషను కట్టింది నలభై ఒకటి.
పిల్లోళ్లు రాకుండా వాకిలి వేసినారంట.
దాటినోడు లోపల,
తాళంచెవి బయట నిలబడి ఉంది.

నేనేం చూడబోయినానని?
మా పాప బళ్లో వార్షికోత్సవం, ఎవరో పెట్టిన వీడియో.
వెనక వరుసలో చిలకపచ్చ పావడా.

తెల్లారి మిద్దె మీద దుప్పట్లు ఆరేస్తా ఈ మాట చెప్తే
మూడో అంతస్తు అల్మాజ్ నవ్వి
నా ఫోనులోకి చిన్నదేదో ఎక్కించింది.
పేరడగదు, నంబరడగదు, ఎప్పుడు పుట్టినావనదు.
ఇంటర్నెట్టూ అక్కరలేదు.
ఈ ఫోను పక్క ఫోను చెవిలో ఊదుతుంది,
అది ఇంకొకదాని చెవిలో.
పొరుగింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకున్నట్టు
లిఫ్టు గుంతలోంచి, గోడల్లోంచి
ఎదురు బకాలాలో లెక్కలు రాసే మలబారోని దాకా.

వీడియోలు పట్టవు అందులో. మాటలే.
తలనొప్పి మాత్ర ఉందా.
రెండు నెల్లు జీతం ఆపితే ఏ ఆఫీసుకు పోవాల.
ఎవరు అడిగినారో తెలీదు, ఎవరో చెప్తారు.

ఒక రాత్రి ఎవడో పాడు మాటలు పెట్టినాడు.
తలుపు లేని ఇంట్లోకి కుక్క రాకుండా ఉంటుందా.
రెండు దినాలు అందరమూ నోళ్లు కట్టుకున్నాము.
మూడోనాడు అల్మాజే మళ్లీ
"ఉప్పుందా" అని అడిగింది.

నిన్న రాత్రి తెలుగు అక్షరాలు:
"అక్కా, ఎవురన్నా ఉన్నారా"

తేదీ అడగలేదు నేను. ఏం చెప్తుందో తెలుసు.
"పెద్ద నోట్లు రద్దయినప్పుడు
నువ్వు ఏ తరగతి?"

చానాసేపటికి వచ్చింది.
"రెండు. మా టీచరు ఐదునూర్ల నోటు చూపించి
ఇంక ఇది చెల్లదు పిల్లలూ అనింది."

వేళ్లు మడిచి లెక్కేసినాను.
మళ్లీ లెక్కేసినాను.

"తిన్నావా" అని రాసినా. పోలేదు.
చెప్పుల్లేకుండా మెట్లు దిగినాను
ఫోను అరచేతిలో దీపంలా పట్టుకొని,
అంతస్తు అంతస్తుకూ ఆగి
మాట అంటుకుందా అని చూసుకుంటా.

మూడు. లేదు.
రెండు.
తలుపు కింద సన్నగా వెలుతురు.