డొంగొలా దారిలో

మగ్రిబ్‌కి ఇంకా పది నిమిషాలు.
స్టీరింగ్ మీద బుషారా వేళ్లు
సన్నగా వణుకుతున్నాయి.
మధ్యాహ్నం నుంచీ కణతల్లో
ఎవరో మేకు దిగ్గొడుతున్నారు.

తలపాగాలు విప్పి రోడ్డుకడ్డంగా పట్టుకుని
బస్సునాపారు ఊరివాళ్లు:
"మా ఇఫ్తార్ ముట్టకుండా దాటితే ఒప్పుకోం!"

అజాన్ ఇసుక మీదుగా వచ్చింది.
ముసలి సిత్తానా అరచేతిలో మూడు ఖర్జూరాలు.
"నీళ్ల మీద పడకు బిడ్డా, ముందు ఇది.
నమిలి మింగు, మెల్లగా.
పొద్దంతా పడుకున్న కడుపుని
తన్ని లేపకూడదు,
తట్టి లేపాలి."

మొదటిది నాలుక మీదే కరిగింది.
రెండోదానికి మేకు వదులైంది.
మూడోది నములుతూ వేళ్లు చూసుకున్నాడు:
టికెట్టు లేని ప్రయాణికుడిలా
వణుకు ఎక్కడ దిగిపోయిందో!

గింజలు చొక్కా జేబులో వేసుకుని
ఇంజను తిప్పాడు.
వెనకసీట్లో, రోజా లేని పిల్లాడొకడు
నాలుగోది కావాలని ఏడుస్తున్నాడు.