టేకు ముడి

కొరాపుట్‌లో పాత ఇన్‌స్పెక్షన్ బంగళా.
ముందు గదిలో దొరల కాలం నాటి పొయ్యి,
కూడు వండని పొయ్యి, కాళ్లు కాచుకునే పొయ్యి.
చుట్టూ సిమెంటు చట్రం. దాని మీద పచ్చ,
పచ్చ కింద నీలం, నీలం కింద సున్నం.
మూడు ప్రభుత్వాలు గీకి తీశాను.

ఇంజనీరుగారి మాట ఒకటే:
"టేకులా కనబడాలి, ఖర్చు మాత్రం రంగుకే."

సరే అన్నాను. గుణుపురంలో బిసోయి మేస్త్రి దగ్గర
నేను నేర్చుకున్నది ఈ అబద్ధమొక్కటే.
అడుగున పలచని పసుపు. అది ఆరాక
అవిసె నూనెలో కాల్చిన జేగురు, మజ్జిగతేటలా.
సైకిలు ట్యూబు ముక్కకు పళ్లు కోసి
పైనుంచి కిందికి లాగాలి, ఊపిరి బిగబట్టి.
చెయ్యి వణికినా పరవాలేదు,
చెట్టు కూడా ఎక్కడో వణికే ఉంటుంది
ఏదో ఒక వానాకాలం.

రెండో రోజు సాయంత్రం చౌకీదారు డొంబురు ఖిలో
కట్టెలమోపు దించి చాలాసేపు చూశాడు.
వాసన చూశాడు. గోటితో తట్టాడు.
"ముడి ఉంది. కొమ్మ ఎటు పోయింది?"

కొమ్మ మొలిచిన చోటే ముడట.
నలభై ఏళ్లుగా ముడులు వేస్తున్నాను,
కొమ్మ సంగతి నన్నెవరూ అడగలేదు.
మోపులోంచి చీల్చిన కట్టె ఒకటి లాగి చూపించాడు:
గీతలన్నీ ముడి దగ్గర పక్కకు తొలిగాయి,
ఏరు బండను తప్పుకున్నట్టు.

టర్పెంటైను గుడ్డతో ఎడమ వైపంతా తుడిచేశాను.
ఒక రోజు కూలి పోయింది.
మళ్లీ లాగాను. ముడి దగ్గర బ్రష్షు చాలలేదు.
తడి రంగులో బొటనవేలు నొక్కి
కొంచెం తిప్పాను.

వార్నిషు ఆరిన రాత్రి మంట వేశాం.
వేడికి పొక్కులు లేస్తాయేమోనని నా భయం.
లోపల డొంబురు కట్టెలు, అసలు గీతలు, అసలు ముడులు;
గీతలు ముందు పోయాయి, ముడులు ఆగి ఆగి కాలాయి.
చుట్టూ నా టేకు చెక్కు చెదరలేదు.
చేతులు చాపి ఇద్దరం కూర్చున్నాం.
"మా డొంగరు మీద ఇట్టాంటి చెట్టు ఉండేది"
అన్నాడు. చాలాసేపటికి,
"దీన్నెవడూ కొట్టలేడులే" అన్నాడు.
మెచ్చుకున్నాడో లేదో తెలియలేదు.

మర్నాడు ఆఫీసులో బిల్లు కాగితం.
నాకు సంతకం రాదు. గుమాస్తా ఇంకు డబ్బీ జరిపాడు.
అలవాటు చొప్పున నొక్కి, కొంచెం తిప్పాను.
"అయ్యో, అలికేశావు.
ఇది ఎవరి వేలని తెలుస్తుందయ్యా?"
ఇంకో కాగితం తీశాడు.