జాగ లేదు

మూడువందల పదకొండో దినం
ఫోను చెప్పింది: జాగ లేదు.
ఇవ్వాళ ఒకటి తియ్యాల్నంటే
పాతది ఒకటి పోవాలె.

బల్లార్షా, మూడో నంబరు ప్లాట్‌ఫారం, పొద్దుగాల ఆరుంబావు.
రాత్రి డ్యూటీ దిగి సుత్తె అప్పజెప్పి
రేకు అయిపోయే కాడ సిమెంటు బల్ల మీద కూసున్న,
రెయిన్‌కోటు ఇప్పకుంట.
ఎదురుంగ దక్షిణం పోయే బండి.
కిటికీలల్ల మొఖాలు అప్పుడప్పుడే లేస్తున్నయి.
చాయ్ పిలగాడు ఈ బోగీ కాడ మరాఠీల అరిచి
పక్క బోగీ కాడికి పోయేసరికి తెలుగుల అరుస్తున్నడు.

నా పని చక్రాలను వినుడు.
మంచి చక్రం కొడితే గంటోలె మోగుతది.
పర్రె వాసింది మోగది,
చెడ్డ కుండోలె లోపల్నే మింగుతది.
ఇరవై రెండేండ్లు చెవులే నాకు బువ్వ పెట్టినయి.
కండ్లు ఊకనే ఉన్నయి గదా అని
పోయిన దసరా తెల్లారి మొదలువెట్టిన:
దినానికి ఒక్క ఫోటో.
రెండోది తియ్యద్దు. మంచిగ రాలేదని తుడవద్దు.

వామన్ గేడాం, నాతోని సుత్తె పట్టినోడు,
అప్పుడే అడిగిండు, “కాయ్ ఫాయదా?”
నేను తెలుగుల నవ్విన.

ఇప్పుడు బొటనవేలుతోని ఒక్కొక్కటే జరుపుతున్న.

మొదటిది నా వేలే.
లెన్సుకు అడ్డం వచ్చిన ఎర్రటి మబ్బు.

పేపరుమిల్లు పొగ.
వాసన పడలేదు దాంట్ల,
పడితే ఎవలు చూస్తరు?

బొగ్గు వ్యాగను మీద నల్ల కుక్క.
కుక్క కనవడది, రెండు కండ్లే.

తలకు నూనె రాసుకుంట మా సారక్క.
“తియ్యకు” అని చెయ్యి అడ్డం వెట్టింది.
చేతి గీతలు సుత పడ్డయి,
మొఖం పడలేదు.
ఇది పీకెయ్యి అని ఆరు నెలలసంది అంటున్నది.

ఒకటి వట్టి చీకటి.
రాత్రి పదకొండు యాభై ఎనిమిదికి యాదికొచ్చి
పక్కల పండుకునే నొక్కిన.
దీన్ని తీసేద్దామా అంటే,
అండ్ల ఫ్యాను ఉన్నది, నాకు తెలుసు.

నూట ఇరవై ఆరోది చంద్రపూర్ దవాఖాన.
ఏం తియ్యాల్నో తెల్వక
వార్డు బయట చెప్పుల వరుస తీసిన.
ఎడమ దిక్కు చివరి జత గేడాంది.
మడిమ కాడ అరిగిపోయి, ఒకటి బోర్ల వడి.
పానం దక్కింది ఆయనకు, కుడి చెవి పోయింది.
ఒక చెవితోని చక్రం చూసుడు కుదరదన్నరు,
స్టోర్‌రూంల కూసోవెట్టిన్రు, నట్లు లెక్కవెట్టుకుంట.
అప్పట్నుంచి రోజూ అడుగుతడు,
“ఆజ్ కాయ్?”

రెండువందల రెండోది వర్ధా నది,
బ్రిడ్జి కమాను కింద పొద్దువొడుపు.
ఆఫీసుల అందరు మెచ్చుకున్నరు.
రాజూరా ప్రెస్సాయన పెండ్లికార్డు మీద ఏస్తనన్నడు.
మా అల్లుడు తనే తీసినట్టు పదిమందికి పంపిండు.
చూసినోళ్లంత ఒకటే మాట, క్యాలెండరు లెక్కున్నదని.

దాన్నే తుడిచేసిన.

బండి కూత వేసింది, కదిలింది.
చివరి బోగీ వరకు చక్రాలను వింటనే ఉన్న,
డ్యూటీ అయిపోయినా చెవి డ్యూటీ దిగదు.
అన్ని మంచిగనే మోగినయి.

ఎప్పుడు మొదలైందో తుంపర.
లేచి ఎనుకకు తిరిగి చూస్తే
బల్లంత తడిసింది,
నేను కూసున్న కాడ ఒక్కటే పొడి,
నాకంటె జర లావు.
అంచులల్ల చినుకులు పడుకుంట
కండ్ల ముందట్నే సన్నవడుతున్నది.

నొక్కిన.

స్టోర్‌రూంల గేడాం నూనె చేతులు లాగుకు తుడుచుకొని
ఫోను తీసుకున్నడు.
నిలువుగ చూసిండు, అడ్డంగ చూసిండు.
ఏందని అడగలేదు.
గోటితోని అద్దం మీద టక్కుమని ఒక్కటి కొట్టి
ఎడమ చెవి కాడ పెట్టుకున్నడు.