పన్నెండో పేజీలో పెన్సిలు

జూన్ నెల. చిత్తూరు బైపాసు.
జ్యూసు ఫ్యాక్టరీ కాటా దగ్గిర
రాత్రి డ్యూటీ నాది.
బెంగుళూరా కాయల లారీలు
మురకంబట్టు దాకా నిలబడుండాయి.
లారీకీ లారీకీ నడుమ
రెండు పేజీలు. ఒక్కోసారి రెండున్నర.
అట్ట చదివినా ఈ సీజనంతా,
పీరాన్ సాయబు అంగట్లో
రోజుకి అయిదు రూపాయిల బాడుగకి తెచ్చి.

చెప్తా ఉండా, వినండి.
"పదకొండో గుండు" చదవకపోతే
మీరు ఈ ఏడు ఏమీ చదవనట్టే.
కొండ కింద సత్రంలో హత్య.
చూసినోడు ఒకడే, వాడు చెప్పేదీ ఒకటే:
"చంపినోడిది గుండు సార్, చందనం పూసుండాది."
తిరుపతిలో!
జీపు దిగిన ఎస్సై
వీధి ఈ కొస నుంచి ఆ కొసకి చూసి
మళ్ళా జీపెక్కేస్తాడు.
ఆ ఒక్క పేరాకే నవ్వి నవ్వి
ఒకే లారీకి రెండుసార్లు తూకం కొట్టినా.

కనిపెట్టేది ఎవరనుకున్నారు?
కల్యాణకట్టలో కత్తి పట్టిన కుప్పమ్మ.
ముఖాలు గుర్తుండవు ఆమెకి.
చేతికి తెలుసు,
ఏ తల ఎక్కడ సొట్ట,
ఏ నడినెత్తిన ఏ చిన్నప్పటి మచ్చ.

కోపం కూడా ఉండాది, దాచిపెట్టను.
నూటనలభయ్యో పేజీలో
ఆ కవల తమ్ముడు ఎందుకు సామీ?
ఊరినిండా గుండ్లుండగా
కవలోడు కావాల్నా?

ఇంక రాజ్యాలూ మంత్రాలూ ఉండే పుస్తకాలు.
నాకు నిండా ఇష్టం, అయినా అడగాల్సింది అడుగుతా.
మొదటి పేజీలో పటం, సరే.
ఎప్పుడు జూసినా మంచు కురస్తానే ఉంటాదా?
ఒక్కడికీ చెమట పట్టదా?
మూడువందల పేజీలు గుర్రం మీద పోయినోళ్ళకి
సంగటి ఎవరు కెలికినారు?
మా చిత్తూరు ఎండలో
ఒక డ్రాగనుని రెండు దినాలు కట్టేయండి,
చెరుకురసం బండి కాడ మోకరిస్తాది.

"రాళ్ళ కొంగు" అట్లాంటిది కాదు.
దాంట్లో మంత్రానికి కూలి ఒంటి బరువు.
జొరం దించితే సవాసేరు,
వాన పిలిస్తే వీశెడు,
చచ్చినోణ్ణి మాట్లాడించాలంటే మణుగు.
అంతంత తగ్గిపోతా వస్తాది చెంగల.
పుస్తకం సగానికొచ్చేసరికి
కొంగున రాళ్ళు కట్టుకోకుండా
వాకిలి దాటలేదు.
ఊరోళ్ళు అడగతానే ఉంటారు,
"ఒక్క వానమ్మా, చిన్నదే."

అది ముగించిన రాత్రి మూడుగంటలకి
లారీలు లేనప్పుడు
నేనే పోయి కాటా మీద నిలబడినా.
అరవై టన్నుల కాటా.
పది కిలోలకి తక్కువ లెక్కే లేదు దానికి.
యాభై అనింది, అరవై అనింది,
మళ్ళా యాభై అనింది.
రాసింది ఎవురో గానీ
ఆమె కూడా ఏదో ఒక రాత్రి
తనని తాను తూచుకోనే ఉంటాది.

అసలు సంగతి మరిచినా.
"పదకొండో గుండు" పన్నెండో పేజీ అంచున
ఎవుడో పెన్సిలుతో రాసిపెట్టినాడు:
"చంపింది వాళ్ళ వాచ్‌మ్యానే."
ఇంక చూడు, ఆ వాచ్‌మ్యాను
టీ తాగినా నాకు అనుమానమే,
దగ్గినా అనుమానమే.
కడాకు వస్తే వాడు కాదు!
పచ్చి అబద్ధం రాసినాడు పాపిష్టోడు.
మర్నాడు మొదటినించీ మళ్ళా చదివినా,
ఆ అబద్ధం ఎంత బాగా అతికిందో చూసేదానికి.
కవలోడి కంటే ఇదే మేలు.

ఆ "ళ్ళ" తోక
తేలు కొండి లాగా పైకి లేచుండాది.

ఈ పొద్దు మొబ్బులో బంగారుపాళెం లారీ.
డ్రైవరు దొరస్వామి.
ఖాళీ బండి తూకం అయినంక
కిటికీలో చెయ్యి పెట్టి సంతకం చేసినాడు,
కింద ఊరిపేరు.
"ళె"కి తేలు కొండి.

నేనేమీ అనలా.
స్లిప్పు చించి ఇచ్చినా.
స్లిప్పు కింద "రాళ్ళ కొంగు".
దాని పైన, చెక్కిన పెన్సిలు.

పెన్సిలు చూసినాడు. నన్ను చూసినాడు.
చెవులదాకా ఎర్రబడి
"బాడుగ ఎవరు కట్టేది అక్కా?" అనినాడు.